ఏ జన్మపు పాపము?

అంగవైకల్యము గల ఆడుబిడ్డ భర్తచేత దెబ్బలు తిని పుట్టింటికి వచ్చినప్పుడు, ఆమె చెవిని మొదట బడు మాట “ఎందుకు కొట్టినాడు?” అని కాదు, “ఈ కాలితో ఉన్నదానిని చేసుకొన్నాడు, సర్దుకుపోవే తల్లీ” అని. వైకల్యము పూర్వజన్మ పాపఫలమనియు, అట్టి పాపిని పెండ్లాడినవాడు త్యాగమూర్తియనియు నమ్ము రెండు విశ్వాసములు ఆ ఒక్క మాటలో పెనవేసికొని యున్నవి. మొదటిది ఆమెను దోషిని చేయుచున్నది, రెండవది ఋణగ్రస్తురాలిని చేయుచున్నది; దోషమును ఋణమును తలకెత్తుకొన్న మనిషి న్యాయ మడుగుటకు నోరు విప్పజాలదు.

పాపఫలమను మాటకు ప్రమాణమేమి? కాలు చచ్చుబడుటకు పోలియో వైరస్సు కారణమని వైద్యశాస్త్రము నిరూపించినది. ఊరూర పసిబిడ్డలకు చుక్కల మందు వేసిన పిమ్మట, 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజ పోలియో వైరస్ సోకిన కేసు ఒక్కటియు నమోదు కాలేదు. వ్రతముచేతగాని శాంతిహోమముచేతగాని కాని పని రెండు చుక్కలచేత నైనది.

ఇక త్యాగము. అంధుడైన భర్తకై కన్నులకు గంతలు కట్టుకొన్న గాంధారిని తరతరములుగా పతివ్రతయని కొనియాడుచున్న మనము, కుంటిదైన భార్యకు చేయూత నిచ్చుట భర్త ధర్మమని ఏ నోమునందును చెప్పుకొనము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము పుట్టంధులకును బధిరులకును దాయభాగము లేదన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, రోగముగాని వైకల్యముగాని ఆస్తిహక్కునకు అడ్డు కాజాలదని శాసించినది. అయినను అమ్మాయికి రావలసిన భూమి అన్నదమ్ముల పేరనే యుండును. ఆమె లోపమునకు వెలగట్టి అల్లుడు పుచ్చుకొన్న అదనపు కట్నమును ఆతని త్యాగపు లెక్కలో ఎవరును తీసివేయరు.

అట్టి యింట ఆమెను హింసించుటకు చేయిచేసికొన నవసరమే లేదు. చంకకర్రను అటకపై బెట్టుట, మరుగుదొడ్డికి తీసికొనిపోకుండ గంటలకొలది కూర్చుండబెట్టుట, నెలనెల వచ్చు పింఛను సొమ్మును చేతబడకముందే లాగుకొనుట చాలును. బధిరురాలు ఠాణాకు పోయినచో, ఆమె సైగలను అధికారికి విప్పి చెప్పువాడు ఆ భర్తయే యైన, ఫిర్యాదు నిందితుని నోటనే వెలువడును. అందుచేత ఆమెతో వచ్చినవానిని కాక, సంజ్ఞాభాష నెరిగిన వేరొకరిని పిలిపించుట పోలీసుల విధి కావలయును.

చంకకర్రను దాచుట ఇంటి గొడవ కాదు. వికలాంగుల ఉపకరణమును వాడనీయకుండ బుద్ధిపూర్వకముగా అడ్డుపడుట 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 92వ సెక్షను క్రింద ఆరు నెలలు మొదలు ఐదేండ్ల వరకు కారాగారశిక్షకు తగిన నేరము. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు ఆ యింటనే నివసించు హక్కు నిచ్చినది. ఆమె సొమ్మును లాగుకొనుటను హింసగనే యెంచినది. ఆమె గడప దాటలేనప్పుడు ఇరుగుపొరుగువారెవరైనను ఆ చట్టపు రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ దావాయు చెల్లదు. పొరుగింట అట్టి స్త్రీ యున్నచో, ఆమె వచ్చి అడుగునందాక ఆగకుడు. మహిళా సహాయవాణి 181కి మీరే ఫోను చేయుడు.