ఇద్దరు తల్లుల బిడ్డ

దత్తు తెచ్చుకొన్న పిల్లకు ఆ సంగతి చెప్పాలా, వద్దా అని ఒక సోదరి అడిగారు. చెబితే పిల్ల మనసు తమ మీదనుంచి మళ్ళిపోతుందేమోనని ఆవిడ బెంగ. ఈ బెంగ ఆవిడ ఒక్కరిదే కాదు. అందుచేత సలహా చెప్పేముందు, జరిగిన కథ ఒకటి చెబుతాను.

1989లో రష్యాలోని లెనిన్‌గ్రాడు నగరంలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ ఊరినే ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు. పుట్టుకతోనే ఆ పిల్లకు వెన్నెముక సరిగా మూసుకోలేదు. డాక్టర్లు దీన్ని స్పైనా బిఫిడా అంటారు. నడుము కిందిభాగం చచ్చుపడిపోయింది. కన్నతల్లి పెంచుకోలేని స్థితిలో, పిల్ల అనాథ శరణాలయం చేరింది. అక్కడ చక్రాల కుర్చీ లేదు. తోటిపిల్లలు పరుగెత్తుతుంటే చూస్తూ కూర్చోలేక, ఆ పసిది చేతులనే కాళ్ళు చేసుకొని నడవడం నేర్చుకొన్నది. "యా సమా" అనేదట మాటిమాటికీ. "నేనే చేసుకొంటాను" అని ఆ మాటకు అర్థం.

డెబొరా మెక్‌ఫాడెన్ అనే అమెరికా ఆవిడ ఆ శరణాలయం చూడబోయి ఈ పిల్లను చూశారు. ఆవిడ వికలాంగుల సంక్షేమం చూచే ప్రభుత్వ శాఖలో కమిషనరుగా పనిచేసినవారు. వయసులో ఉండగా జబ్బుచేసి, తానూ కొన్నేళ్ళు చక్రాల కుర్చీలో గడిపినవారు. పిల్లను పెంపకానికి తీసుకొని మేరీలాండు రాష్ట్రంలోని తమ ఇంటికి తీసుకుపోయారు. అప్పటికి పిల్లకు ఆరేళ్ళు. టట్యానా అన్న రష్యను పేరును అలాగే ఉంచారు.

ఒంటికి బలం రావాలని ఈత నేర్పించారు, ఆటలలో పెట్టారు. పిల్ల చక్రాల కుర్చీ పందెాలలో చేరింది. 2004లో ఏథెన్సు పారాలింపిక్సులో పాల్గొని, 15వ ఏటనే రెండు పతకాలు తెచ్చుకొన్నది. అయినా ఇంటికి వచ్చాక, హైస్కూలువారు తోటిపిల్లల సరసన పందెంలో దిగనివ్వలేదు. తల్లీ కూతురూ కోర్టుకు వెళ్ళారు. డబ్బు అడగలేదు, కలిసి పరుగెత్తే హక్కు అడిగారు. గెలిచారు. 2008లో మేరీలాండు రాష్ట్రం ఇటువంటి విద్యార్థులకోసం చట్టమే చేసింది. 2013లో బోస్టన్, లండన్, షికాగో, న్యూయార్కు మారథాను పందెాలు నాలుగూ ఆ అమ్మాయి ఒక్క ఏడాదిలోనే గెలిచింది.

పెద్దయిన తరువాత టట్యానా రష్యా వెళ్ళి, తాను పెరిగిన శరణాలయం చూసింది. కన్నతల్లినీ కలుసుకొన్నది. 2014 మార్చిలో రష్యాలోనే, సోచి నగరంలో, శీతాకాలపు పారాలింపిక్సు జరిగాయి. మంచుమీద, కుర్చీ బిగించిన స్కీలతో ఒక కిలోమీటరు పందెం. ఆ విద్య మొదలుపెట్టి ఆ అమ్మాయికి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సెకనులో పదోవంతు తేడాతో బంగారు పతకం తప్పి, వెండి పతకం వచ్చింది. చూడవచ్చినవారిలో పెంచిన తల్లి ఉన్నది, కన్నతల్లీ ఉన్నది. ఆనాడు పెంచిన తల్లికి తగ్గిపోయినదేమిటి, చెప్పండి?

మన భారతంలో కర్ణుడి సంగతి చూడండి. తన పుట్టుక రహస్యం అతనికి కృష్ణుడి నోట, కుంతి నోట తెలిసేసరికి యుద్ధం గుమ్మంలోకి వచ్చింది. అప్పటికైనా అతడు రాధను విడిచిపెట్టాడా? లేదు, రాధేయుడుగానే నిలిచాడు. నిజం తెలిసినందువల్ల పెంచిన తల్లికి నష్టం రాలేదు. నష్టమంతా ఆలస్యంవల్ల వచ్చింది. బిడ్డకు కావలసిననాడు చెప్పకుండా పెద్దలకు అవసరమైననాడు చెప్పడమే అక్కడి తప్పు.

కాబట్టి సోదరీ, పసితనంలోనే, ఒళ్ళో కూర్చోబెట్టుకొని, కథలాగా చెప్పండి. పిల్ల పెరిగేకొద్దీ మరికాస్త చెప్పండి. కన్నతల్లిని ఒక్క మాట తూలనాడవద్దు. ఆమె ఏ కష్టంలో విడిచిందో మనకేం తెలుసు? "నిన్ను ఉద్ధరించాము" అనే మాట కోపంలో కూడా మీ నోట రాకూడదు.

మన దేశంలో ఇప్పుడు దత్తత నిబంధనలలోనే ఇందుకు దారి ఉన్నది. పద్దెనిమిదేళ్ళు నిండిన దత్తబిడ్డ తన పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటె చిన్నవారైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవాలి. అయితే కన్నవారు తమ పేరు గుప్తంగా ఉంచమని కోరి ఉంటే, వారి సమ్మతి లేకుండా చెప్పరు. అందుచేత వెతికిన ప్రతి బిడ్డకూ కన్నతల్లి దొరుకుతుందని ఆశ పెట్టకండి. వెతుకుతానంటే మాత్రం అడ్డుపడకండి.

మీరు దాచినా ఈ సంగతి దాగదు. ఏ పెళ్ళిలోనో, ఏ చుట్టాల నోటనో ఎప్పుడో ఒకనాడు బయటపడుతుంది. ఆ మాట బిడ్డ చెవిని మొదట పడేది అమ్మ నోటనే కావాలి.