చేతిలో పని సరే, కాగితమేదీ?

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ ప్రాంతాలనుంచి గల్ఫు దేశాలకు వెళ్ళేవారందరూ పని రానివారు కారు. తాపీ పని, వడ్రంగం, సెంట్రింగు, కరెంటు పని, వెల్డింగు చిన్ననాటినుంచే చేతికి వచ్చినవారు వారిలో ఎందరో ఉన్నారు. అయినా అక్కడికి చేరిన తరువాత వారిలో చాలామంది మామూలు కూలీలుగానే లెక్కకు వస్తున్నారు. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పని వచ్చునని చెప్పే కాగితం వారివద్ద లేదు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఈ ప్రాంతపు వలసలను మూడు మాటల్లో చెప్పుకోవడం వాడుక. బొంబాయిలో మేస్త్రీ ఒకపూట పని చేయించి చూసి కూలి ఖాయం చేసేవాడు. గల్ఫులో ఆ పద్ధతి లేదు. మనిషి విమానం ఎక్కకముందే అతని పని పేరు వీసాలోనూ, ఒప్పందంలోనూ రాసి ఉంటుంది. జీతం ఆ పేరునుబట్టే. ‘లేబర్’ అని రాసి ఉన్న వ్యక్తి అక్కడ గోడలు కట్టినా, తలుపులు బిగించినా చేతికి వచ్చేది లేబర్ జీతమే. పోనీ, చేరిన తరువాత పని పేరు మార్పించుకుందామంటే అది కార్మికుని చేతిలో లేదు. వీసా ఇచ్చిన యజమాని ఒప్పుకోవాలి, అక్కడి ప్రభుత్వ కార్యాలయంలో నమోదు మారాలి. తక్కువ జీతానికి ఎక్కువ పని దొరుకుతున్న యజమానికి ఆ తొందర ఎందుకుంటుంది? ఇక్కడ మాత్రం ప్రయాణానికి చేసిన అప్పుకు వడ్డీ నెలనెలా పెరుగుతూనే ఉంటుంది.

ఇంతకాలం ఇది జీతంలో తేడా మాత్రమే. ఇప్పుడు కొన్ని పనులకు కాగితం లేనిదే గడప దాటే వీలు లేదు. సౌదీ ప్రభుత్వం 2021లో వృత్తి నైపుణ్య పరీక్షలు ప్రవేశపెట్టింది. మన దేశంనుంచి వెళ్ళే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, ఏసీ మెకానిక్కులు వీసా ముద్ర పడకముందే ఈ పరీక్ష నెగ్గి రావాలన్న నిబంధన 2023లో అమలులోకి వచ్చింది. ఆ తరువాత మరెన్నో వృత్తులు ఈ జాబితాలో చేరాయి. పరీక్షలో రెండు భాగాలు: కంప్యూటరు ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబివ్వడం ఒకటి, పని చేసి చూపడం రెండోది. ఇరవై ఏళ్ళు వైరింగు చేసిన మనిషికి రెండో భాగంలో భయం లేదు. అతడు తడబడేది మొదటిదానిలో. తీగ మందం, ఫ్యూజు లెక్క అతనికి చేతితో తెలుసు, మాటలో తెలియదు. కొద్దిపాటి శిక్షణ దొరికితే ఆ తడబాటు పోతుంది. ఆ శిక్షణ ఊరికి దగ్గరలో దొరకాలి.

శిక్షణకు, గుర్తింపుకు దారులు లేకపోలేదు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్) తాపీ, ప్లంబింగు, వైరింగు పనుల్లో శిక్షణ ఇస్తున్నది. బడిలో కాక పనిలోనే పని నేర్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉన్నది. ఇది సౌదీ పరీక్షకు బదులు కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అయినా చేతి పని తప్ప మరేమీ చూపలేని మనిషికి మొదటి ఆధారం అవుతుంది. విచారకరమేమంటే గ్రామాల్లో ఏజెంటు పేరు తెలియని ఇల్లు లేదు గాని, ఈ సర్టిఫికెట్ సంగతి తెలిసిన ఇల్లు అరుదు.

అనుభవ పత్రం విషయం కూడా ఇలాంటిదే. హైదరాబాదులోనో, భీవండిలోనో ఏళ్ళతరబడి పనిచేసి కూడా మానేసేటప్పుడు యజమాని సంతకంతో ఒక పత్రం అడిగి తీసుకునేవారు కొద్దిమంది. అవసరం వచ్చినప్పుడు వెళితే ఆ కాంట్రాక్టరు ఉండడు, ఉన్నా గుర్తుపట్టడు. అప్పుడు ఏజెంటే ఒక పత్రం ‘తయారు’ చేసి ఇస్తాడు. దొంగ కాగితం ఇక్కడ కౌంటరు దాటినా అక్కడ పట్టుబడితే కేసు కార్మికునిమీదనే, ఏజెంటుమీద కాదు.

పదో తరగతి మెమో సంగతి మరీ చిక్కు. పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టుపై సౌదీ, దుబాయి, కువైట్ వంటి 18 దేశాల ప్రయాణానికి వలస అనుమతి కావాలన్న గుర్తు ఉంటుంది. ఇదేదో తక్కువతనమని భావించి దొంగ మెమో కొనేవారున్నారు. నిజానికి 1983 నాటి వలస చట్టం కింద ఈ అనుమతి కార్మికునికి రక్షణ. దానివల్ల ఒప్పందం ప్రభుత్వం దగ్గర నమోదవుతుంది, 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వర్తిస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి డబ్బు ఇచ్చి మరీ దొంగ మెమో కొనడం ఎంత తెలివైన పని? చదువు కావాలనుకుంటే ఓపెన్ స్కూలు ద్వారా నిజమైన పదో తరగతే పాస్ కావచ్చు.

మెమో ఉన్నవారికి పేరుతో తంటా. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. తండ్రి పేరు ఒకచోట ‘రాజయ్య’, మరొకచోట ‘రాజం’. పుట్టిన తేదీ పంతులుగారు బడిలో చేర్చుకున్నప్పుడు వేసినది. ఊళ్ళో ఇవన్నీ ఒకే మనిషివని అందరికీ తెలుసు. రాయబార కార్యాలయంలో గుమాస్తాకు అవి ఇద్దరు మనుషులవి. దిద్దించుకోవాలంటే బడి హెడ్మాస్టరు మొదలు పరీక్షల శాఖవరకు తిరగాలి. అక్కడ గదిలో కూర్చుని ఫోనుమీద జరిగే పని కాదిది.

డిప్లొమా, డిగ్రీవారి సర్టిఫికెట్లకు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర, దేశాన్నిబట్టి రాయబార కార్యాలయపు ముద్ర పడాలి. నర్సులకైతే చదివిన కళాశాలనుంచి, పనిచేసిన ఆస్పత్రినుంచి నేరుగా విచారించి తెలుసుకుంటారు. దానిపై లైసెన్సు పరీక్ష వేరే. ఇవన్నీ వారాలు కాదు, నెలలు పట్టే పనులు. వీసా వచ్చిందన్న ఫోను రాగానే మొదలుపెడితే వీసా గడువే మిగలదు. ఆ తొందరలోనే ‘ఆజాద్ వీసా’ అనీ, విజిట్ వీసా అనీ ఏజెంట్లు చెప్పే మాటలు చెవికెక్కుతాయి. నమోదైన ఏజెంటు తన సేవకు 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదన్న నిబంధన ఉన్నది. ఊళ్ళలో ఎంత వసూలవుతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

జిల్లా అధికారులు ఈ విషయమై కొంత శ్రద్ధ వహించవలసి ఉన్నది. విదేశీ ఉద్యోగాలకోసం రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతున్న టామ్‌కామ్ సంస్థ హైదరాబాదులో ఉన్నది. దాని మనిషి నెలకొకమారైనా కోరుట్లలోనో, మెట్‌పల్లిలోనో కూర్చుని ఏ పనికి ఏ పరీక్ష, ఏ ముద్ర కావాలో చెప్పే ఏర్పాటు చేయాలి. ఐటీఐలలో సాయంత్రంపూట షెడ్డు తెరిచి పని తెలిసినవారికి పరీక్షకు సరిపడా పాఠం చెప్పించాలి. కొత్త భవనాలు అడగడం లేదు, ఉన్న షెడ్డే చాలు. మెమోలో పేర్లు దిద్దే దరఖాస్తులను సోమవారం ప్రజావాణిలో తీసుకుని, వాటికి గడువు పెట్టాలి. రెండేళ్ళకొకమారు రెండు నెలల సెలవుమీద వచ్చే కార్మికుడు పెళ్ళిళ్ళకు, ఇంటి రిపేరుకు తిరిగినన్ని రోజులు పోగా మిగిలేది నెలే. ఆ నెలలో అతనికి ఒక పరీక్ష తేదీ దొరికేట్టు చూస్తే, మరుసటి వీసామీద ‘లేబర్’కు బదులు ‘ఎలక్ట్రీషియన్’ అని పడవచ్చు.