పిల్లవాడి చేతికి తొలి తుపాకీ ఏది? నా సమాధానం: ఏదీ వద్దు

కిందటి కార్తిక మాసంలో ఒక పరిచయస్థుడు మా ఇంటికి వచ్చాడు. సముద్రం వైపు రొయ్యల చెరువులు సాగుచేసే మనిషి, మర్యాదస్థుడు. తన రక్తపోటు మాత్రల సంగతి మాట్లాడి, లేవబోతూ ఇలా అడిగాడు: "డాక్టరుగారూ, మావాడికి వచ్చే నెల పదేళ్ళు నిండుతాయి. ఎయిర్ గన్ కావాలని ఒకటే గొడవ. చెరువుల మీద కొంగలను తోలడానికీ పనికొస్తుంది, వాడికీ వేట సరదా తీరుతుంది. పిల్లల చేతికి తేలికగా ఉండేది ఏది కొనమంటారు?"

"ఏదీ కొనవద్దు" అన్నాను. ఆయన నవ్వి, "మీరు పాతకాలం వారు సార్, అది బొమ్మ తుపాకీయే గదా" అంటూ సెలవు తీసుకున్నాడు. ఆనాడు గుమ్మం దగ్గర చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈనాడు వివరంగా రాస్తున్నాను. ఇటువంటి ప్రశ్న మనసులో ఉన్న తల్లిదండ్రులు ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

ముందుగా "బొమ్మ" అన్న మాటను పరిశీలిద్దాం. సాధారణ ఎయిర్ రైఫిల్‌లో వాడే సీసపు గుండు 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, సుమారు అర గ్రాము బరువు ఉంటుంది. అది గొట్టం నుండి సెకనుకు 100 మీటర్లకు పైగా వేగంతో వెలువడుతుంది. శక్తిమంతమైన రకాలలో ఆ వేగం 200 మీటర్లను కూడా మించుతుంది. కంటిగుడ్డును ఛేదించడానికి సుమారు 40 మీటర్ల వేగం చాలు. మన కంటి ముందున్న నల్లగుడ్డు పొర మధ్యభాగంలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం మాత్రమే కలిగి ఉంటుంది. కనుగుంటకు పైకప్పుగా ఉండే ఎముక కాగితం వలె పలుచన, దాని వెనుక ఉన్నది మెదడు. ఎయిర్ గన్ గుండు వల్ల పిల్లలు మరణించిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. మందుగుండు లేనంత మాత్రాన అది బొమ్మ కాజాలదు.

నా ఉద్యోగ జీవితంలో మరచిపోలేని ఒక సంఘటన చెబుతాను. 1980 దశకంలో నేను తీరప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఎడ్లబండిలో ఒక బాలుణ్ణి తీసుకువచ్చారు. తొమ్మిదేళ్ళుంటాయి. సెలవులకు వచ్చిన బంధువులు తెచ్చిన ఎయిర్ గన్‌తో పన్నెండేళ్ళ అన్న చెరువు గట్టున పిట్టలను కొడుతున్నాడు. పడిన పిట్టను తేవడానికి తమ్ముడు తుమ్మ పొదలోకి వెళ్ళాడు. అన్న రెండవ పిట్టకు గురిపెట్టిన క్షణంలోనే తమ్ముడు పొదలో నుండి లేచి నిలబడ్డాడు. కుడికంటి రెప్ప మీద కనిపించినది చిన్న గాటు మాత్రమే. రక్తం కూడా అంతగా లేదు. తల్లి నా చేయి పట్టుకొని "రెండో కన్ను బాగానే ఉంటుంది గదా సారూ?" అని అడిగింది. ఆమెకు ఏమీ తెలియదనుకున్నాను. తెలియవలసినదంతా ఆమెకు తెలుసునని తరువాత అర్థమైంది.

జిల్లా ఆసుపత్రిలో ఆ కన్నును తీసివేయవలసి వచ్చింది. ఒక కంటికి లోతైన గాయమైనప్పుడు, అరుదుగానైనా, శరీరపు రక్షణ వ్యవస్థే పొరబడి రెండవ కంటి మీద కూడా దాడి చేస్తుంది. అంధుల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్టుతో గాయపరచుకున్నది ఒక్క కంటినే. ఐదేళ్ళకు రెండు కళ్ళూ పోయాయి. ఈ భయంతోనే, చూపు తిరిగి రాదని తేలిన కన్నును కొన్నిసార్లు తొలగిస్తారు.

ఏళ్ళ తరువాత ఆ తమ్ముడు యువకుడై నా దగ్గరకు వచ్చాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి శారీరక దృఢత్వ పత్రం కావాలన్నాడు. ఇవ్వలేకపోయాను. ఆనాడు తుపాకీ పట్టిన అన్న కూడా వెంట వచ్చాడు గాని గదిలోకి రాలేదు, బయట వేపచెట్టు కింద నిలబడిపోయాడు. పిల్లల చేతి తుపాకీ పేలినప్పుడు గాయపడేది ఒక్కరు కాదని నేను చెప్పడానికి కారణం ఆ చెట్టు కింది మనిషి.

"పక్కన నేనుంటాను, నేర్పిస్తాను" అని తండ్రులంటారు. వారి సదుద్దేశాన్ని శంకించను. కాని పదేళ్ళ మెదడును ఉపదేశంతో ఇరవై ఐదేళ్ళ మెదడుగా మార్చలేము. ఆవేశాన్ని అదుపు చేసి, పర్యవసానాన్ని ముందుగా ఊహించగల మెదడు ముందుభాగం పూర్తిగా పరిణతి చెందేది ఇరవై ఏళ్ళు దాటిన తరువాతనే. 2001లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో 8 నుండి 12 ఏళ్ళ బాలురను, నిజమైన తుపాకీని (తూటాలు లేకుండా) దాచిన గదిలో కొద్దిసేపు విడిచిపెట్టారు. అది కంటపడిన బాలుర గుంపులలో అధికభాగం దానిని చేతిలోకి తీసుకున్నాయి, కొందరు మీట కూడా నొక్కారు. అలా తాకినవారిలో అత్యధికులు తుపాకీ జాగ్రత్తల పాఠం అంతకు ముందే విన్నవారు!

పిల్లల సంగతి సరే, పెద్దలు మాత్రం పొరబడరా? దశరథుని కథ మనకందరికీ తెలుసు. శబ్దాన్ని బట్టి బాణం వేయడంలో ఆయన ఆరితేరినవాడు. చీకటిలో కుండ మునిగిన చప్పుడును ఏనుగు నీరు తాగే చప్పుడుగా భావించి బాణం వేశాడు. చనిపోయినది అంధులైన తల్లిదండ్రులకు ఏకైక ఆధారమైన బాలుడు. విలువిద్యలో అంతటి నేర్పరికే తప్పిన గురి, ఐదవ తరగతి పిల్లవాడికి తప్పదని హామీ ఇవ్వగలవారెవరు?

మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన అమెరికాలో పిల్లల కొలతలకు తగినట్లు చిన్న రైఫిళ్ళను తయారుచేసి, తొలి తుపాకీ అని అమ్ముతారు. కొన్ని గులాబీ రంగులో కూడా దొరుకుతాయి. అక్కడ తండ్రి కొడుకును తొలి వేటకు తీసుకువెళ్ళడం కొన్ని ప్రాంతాలలో వంశాచారం. 2013లో కెంటకీ రాష్ట్రంలో, అటువంటి రైఫిల్‌ను కానుకగా పొందిన ఐదేళ్ళ బాలుని చేతిలో రెండేళ్ళ చెల్లెలు చనిపోయింది. తుపాకీ ఇంట్లో ఒక మూలన ఉంది. లోపల తూటా మిగిలి ఉందని పెద్దలకు తెలియదు. 2020 నుండి ఆ దేశంలో ఒకటి నుండి పందొమ్మిదేళ్ళ లోపు వారి మరణాలకు ప్రథమ కారణం రోడ్డు ప్రమాదాలు కావు, తుపాకులు. ఆ లెక్కలో హత్యలు, ఆత్మహత్యలే అధికం, వేట ప్రమాదాలు స్వల్పం. అయినా తుపాకీ ఇంటి సామానులో ఒకటైపోయినప్పుడు దాని ఫలితం పిల్లల మీద ఎలా పడుతుందో అది చూపుతుంది. అక్కడి నుండి మనం తెచ్చుకోదగినవి ఎన్నో ఉన్నాయి, ఇది మాత్రం వాటిలో లేదు.

ఇక మన చట్టం. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండనివారు తుపాకీ కలిగి ఉండరాదు. శిక్షణ పొందుతున్న బాల క్రీడాకారులకు మాత్రమే షరతులతో మినహాయింపు ఉంది. 20 జౌళ్ళ శక్తికి లోబడిన చిన్న గొట్టపు ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కరలేదు. ఈ చిన్న వెసులుబాటును చూసే చాలామంది "ప్రభుత్వమే అనుమతించింది" అంటారు. లైసెన్సు అక్కరలేనిది తుపాకీకి, వేటకు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట కొన్ని జీవుల వేటకు లైసెన్సులుండేవి. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, చంపడానికి ప్రయత్నించడం, గూళ్ళను చెదరగొట్టడం కూడా వేటే. కాబట్టి కొడుకుకు ఎయిర్ గన్ ఇచ్చి చెరువు గట్టుకు పంపిన తండ్రి, తెలిసో తెలియకో, వాడికి నేర్పుతున్న మొదటి పాఠం నేరం.

ఇంతవరకు చెబితే ఆ మిత్రుడు ఒక మాట తప్పక అంటాడు: "పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో పిట్టను కొట్టలేదా?" నిజమే. 1896లో పుట్టిన సలీం అలీ బాల్యంలో, మేనమామ ఇచ్చిన ఎయిర్ గన్‌తో, గొంతు కింద పసుపు మచ్చ ఉన్న పిచ్చుకను కొట్టాడు. అది ఏ జాతిదో తెలియక మేనమామను అడిగితే, ఆయన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడ మిల్లార్డ్ అనే పెద్దమనిషి ఆ బాలునికి భద్రపరచిన పక్షుల అరలను ఓపికగా ఒక్కొక్కటే తెరచి చూపాడు. ఆ కథలో శాస్త్రవేత్తను తయారుచేసినది తుపాకీ అయితే, ఆనాడు ఎయిర్ గన్నులున్న ప్రతి సంపన్న గృహం నుండి ఒక సలీం అలీ రావలసింది. రాలేదు. బాలుని ప్రశ్నను చిన్నచూపు చూడని ఇద్దరు పెద్దవారు ఉండడమే ఆయన భాగ్యం. ఆ పెద్దరికాన్ని మనం ఈనాడు తుపాకీ లేకుండానే చూపవచ్చు.

"మరి ఒలింపిక్స్ మాటేమిటి?" అని ఇంకొకరు అడుగవచ్చు. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం, రెండూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చినవే. ఆ క్రీడను నేను గౌరవిస్తాను. అక్కడ గురి అర మిల్లీమీటరు చుక్క, అదీ కాగితం మీద. పిల్లల ముందు ఎవరూ నిలబడరు, శిక్షకుడు చెప్పేవరకు గుండు నింపరు, పని ముగిశాక తుపాకీ తాళం వేసిన పెట్టెలోకి వెళుతుంది. మీ పిల్లవాడికి గురి మీద నిజంగా ఆసక్తి ఉంటే అటువంటి శిక్షణ కేంద్రంలో చేర్పించండి. చెరువు గట్టు షూటింగ్ రేంజి కాదు.

రొయ్యల రైతు కష్టం నాకు తెలియనిది కాదు. నీటికాకులు, కొంగలు ఒక చెరువులో జబ్బు రొయ్యను పట్టి ఇంకొక చెరువులో జారవిడిస్తే తెల్లమచ్చ వ్యాధి పాకవచ్చు. లక్షల పెట్టుబడి రోజుల్లో పోతుంది. కాని ఎయిర్ గన్ ఒక పక్షిని కొడితే తక్కినవి పక్క చెరువు మీద వాలి గంటలో తిరిగి వస్తాయి. చెరువు మీద వరుసగా దారాలు కట్టడం, పక్షివల పరచడం ఖర్చయినా నిలిచే ఉపాయాలు. పదేళ్ళ పిల్లవాడిని కాపలాదారుగా నిలబెట్టడం ఉపాయం కాదు.

కొట్టిన పిట్టను పిల్లలు ఏం చేస్తారో కూడా ఆలోచించండి. ఈకలు పీకుతారు, కాల్చుకు తింటారు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకింది. అడవి నీటిపక్షులు ఆ వైరస్‌కు సహజమైన ఆశ్రయాలు. ఇక సీసం సంగతి: పిల్లల మెదడుకు ఇంత సీసం హాని చేయదు అని చెప్పదగిన పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను అమెరికా 1991లోనే నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023 నుండి చిత్తడి నేలల్లో వాటిని నిషేధించింది. వేటను అనుమతించే దేశాలే సీసానికి భయపడుతున్నాయి.

ఇప్పటికే ఇంట్లో ఎయిర్ గన్ ఉన్నవారికి, ఎప్పుడైనా ప్రమాదం జరిగితే పాటించవలసినవి:

కంటికి గుండు తగిలితే నొక్కవద్దు, రుద్దవద్దు, కడగవద్దు, గుచ్చుకున్నదాన్ని లాగవద్దు. పసరు, చనుబాలు, ఇంట్లోని చుక్కల మందు ఏదీ వేయవద్దు. కాగితపు కప్పును కంటికి ఆనకుండా ఎముక అంచుల మీద బోర్లించి, అతికించి, వెంటనే కంటి శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు.

మెడ, ఛాతీ, పొట్ట, తల మీద గుండు తగిలితే బయటి గాయం ఎంత చిన్నదైనా ఎక్స్‌రే తప్పనిసరి. ధనుర్వాతపు టీకా వేయించండి. ఎవరు కొట్టారన్న భయంతో పిల్లలు గంటల తరబడి దాచిపెడతారు. ముందు చికిత్స, మందలింపు తరువాత.

2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో, వేట తరతరాల సంప్రదాయమైన గ్రామాల ప్రజలు, ప్రభుత్వ పిలుపును మన్నించి తమ ఎయిర్ గన్నులను స్వచ్ఛందంగా అప్పగించడం మొదలుపెట్టారు. వారికి వేట కేవలం సరదా కూడా కాదు. మనకు ఆ సంప్రదాయపు సాకు సైతం లేదు. పైగా మన పొరుగు చరిత్ర వేరుగా ఉంది. చెంగల్పట్టు దగ్గరి వేడంతాంగల్ గ్రామస్థులు, తమ చెరువు పక్షులను తెల్లసిపాయిలు కాలుస్తున్నారని 18వ శతాబ్దం చివర్లో కలెక్టరుకు ఫిర్యాదు చేసి, రక్షణ ఉత్తర్వు సంపాదించారు. పక్షుల రెట్ట కలిసిన నీరు తమ పొలాలకు బలమని వారికి తెలుసు.

ఆ మిత్రునికి నా మనవి ఇది. పదవ పుట్టినరోజుకు ఒక మంచి బైనాక్యులర్ కొనండి. ఎయిర్ గన్ ధరలోనే దొరుకుతుంది. శీతకాలంలో ఒక ఆదివారం తెల్లవారుజామున పిల్లవాణ్ణి నేలపట్టుకు తీసుకువెళ్ళండి. 1976 నుండి రక్షిత కేంద్రమైన ఆ చెరువులో నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు తమ పిల్లల నోటికి చేప అందించడం చూపండి. అటు నుండి పులికాట్ వెళ్ళి ఫ్లెమింగోలను చూపండి. వాడు మిమ్మల్ని వంద ప్రశ్నలు అడుగుతాడు. సగానికి మీకు సమాధానం తెలియకపోవచ్చు, ఫరవాలేదు, ఇద్దరూ కలిసి తెలుసుకోండి.

వాడు అలిగితే రెండు రోజులు అలుగుతాడు. నేను చూసిన ఆ అన్నదమ్ములిద్దరూ ముప్పై ఏళ్ళయినా ఆ మధ్యాహ్నాన్ని మరచిపోలేదు.