‘పక్కింటి పంచాయితీ’ అని రాయనియ్యొద్దు

పోలీసు ఠాణాలో మనోళ్ల ఫిర్యాదుకు పేరు ముందుగానే పెట్టి ఉంటుంది: ‘ఇరుగుపొరుగు గొడవ’. పక్కింటోడు మోరీ నీళ్లు మన గుమ్మంలోకి మళ్లిస్తే ఇరుగుపొరుగు గొడవ. నల్లా దగ్గర బిందె తన్నితే ఇరుగుపొరుగు గొడవ. కులం పేరెత్తి తల్లినీ చెల్లినీ తిట్టినా అదే. ‘పొద్దున లేస్తే ఒకరి మొకం ఒకరు చూసుకునేటోళ్లు, సర్దుకపోండ్రి’ అని సుద్దులు చెప్పి పంపుతారు. గోడ అవతలివాణ్ణి పిలిచి ‘నువ్వు సర్దుకో’ అన్న ఎస్సై ఎవరైనా ఉన్నాడా?

లాలాపేట్ లాంటి బస్తీలు చూడండి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, నాచారం ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన గల్లీలు. ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్క గోడ. ఊళ్లో వాడకూ ఊరికీ మధ్య కనీసం ఒక బాట ఉంటుంది. పట్నం పోతే కులం పోతుందని మన తాతలకు చెప్పారు. పోలేదు. గోడ పక్కకే వచ్చి కూర్చుంది.

అన్నలారా, అక్కలారా! ‘చిన్న గొడవ’ అనే మాటకు మనం ఎంత వెల చెల్లించామో మరిచిపోవద్దు. కారంచేడులో మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ల దగ్గర. గేదెల కుడితి బకెట్టు అక్కడ కడగొద్దన్నందుకు. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టులో ఆ కేసు తేలేసరికి 2008 డిసెంబరు వచ్చింది. చుండూరులో మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందని. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ రెంటినీ మొదటి రోజు చూసినవాడెవడైనా చిన్న గొడవే అనేవాడు.

పట్నంలో చాలాసార్లు కత్తి దాకా పోరు. ఖర్చుతో చంపుతారు. మీరు ఫిర్యాదు ఇచ్చిన సాయంత్రానికే అవతలివాడి కౌంటర్ కేసు తయారు: మేమే కొట్టామట, ఇంట్లో జొరబడ్డామట, మెడలో గొలుసు గుంజామట. ఇప్పుడు ఇద్దరూ ముద్దాయిలే. శాంతిభద్రతల పేరు చెప్పి ఇద్దరినీ బైండోవర్ చేస్తారు. పాత సి.ఆర్.పి.సి.లో అది 107, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 126. ఏడాది దాకా పూచీకత్తు. మాట తప్పావంటే రాసిచ్చిన సొమ్ము జప్తు. వాడికి అదొక లెక్క కాదు. అడ్డా మీద నిలబడే కూలీకి, నాలుగిళ్లలో గిన్నెలు తోమే అక్కకు వాయిదా పడిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే. పైన ఆటో కిరాయి, జిరాక్సులు, వకీలు గుమాస్తా చెయ్యి తడపడం. నాలుగు వాయిదాలు తిరిగాక పెద్దమనుషులు ‘రాజీ’ పట్టుకొస్తారు. మనం అలసిపోయే దాకా ఆగి వస్తారు.

ఆ రాజీ ఎంత దూరం పోయిందో వినండి. మధ్యప్రదేశ్‌లో జాగా తగాదా పెట్టుకుని ఒక పొరుగువాడు దళిత స్త్రీ మీదికి ఇటుక విసిరాడు, కులం పేరుతో తిట్టాడు. 1994 నాటి మాట. కింది కోర్టు ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 2021 అక్టోబరు 25న సుప్రీంకోర్టు, మన తెలుగాయన ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న బెంచి, ఇద్దరూ రాజీపడ్డారని శిక్ష కొట్టేసింది. రామావతార్ కేసు అంటారు. బాధితులను ఒత్తిడి పెట్టి ఒప్పించారేమో జాగ్రత్తగా చూడాలని ఆ తీర్పులోనే రాశారు, నిజమే. కానీ 27 ఏళ్లు! అన్నేళ్లు తిప్పాక బీద మనిషి రాజీపడక ఏం చేస్తుంది?

ఇంకొక ఉచ్చు ‘నలుగురి ఎదుట’ అనే మాట. 2008లో స్వరణ్ సింగ్ కేసులో, ఇంటి గేటు దగ్గర కారు పక్కన నిలబడ్డ దళితుణ్ణి తిట్టడం నలుగురికీ కనిపించే చోట తిట్టినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2020 నవంబరు 5న హితేశ్ వర్మ కేసులో, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడు తిడితే అట్రాసిటీ చట్టం వర్తించదంది. జాగా తగాదా కులం వల్ల వచ్చిందని చూపించకపోతే చెల్లదని కూడా అంది. అవతలి వకీలు ఈ తీర్పు జేబులో పెట్టుకునే వస్తాడు. అందుకని ఫిర్యాదులో ‘కులం పేరుతో దూషించాడు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. వాకిట్లోనా, గల్లీలోనా, నల్లా దగ్గరా? ఏ మాట అన్నాడు? మనింటివాళ్లు కాకుండా ఇంకెవరు విన్నారు? నోటికి రావడానికి సిగ్గనిపించినా ఆ మాటను అట్లనే రాయించాలి.

మన సంఘాలవాళ్లు కూడా తిట్టు ఒక్కటే పట్టుకుని మిగతాది వదిలేస్తున్నారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న చట్టంలో 3(1)(బి) చూడండి: దళితుల ఇంట్లోనో గుమ్మం ముందరో మురుగు, మలం, కళేబరం పడేస్తే నేరం. (సి) అయితే అవమానించాలని ఇంటి చుట్టుపక్కల చెత్త పోసినా నేరమే. (జి) మన జాగా, మన నీళ్లు అనుభవించకుండా అడ్డుపడటం. ఈ మూడింటిలో ‘నలుగురి ఎదుట’ అన్న మాటే లేదు. ‘వాళ్ల కులం నాకు తెల్వదు’ అని పక్కింటోడు బొంకితే 8(సి) ఉంది: బాధితుల కుటుంబం ముందే ఎరుక ఉన్నవాడికి కులం తెలిసే ఉంటుందని కోర్టు అనుకోవాలి, కాదని వాడే రుజువు చేసుకోవాలి.

అలాగని ప్రతి మోరీ గొడవనూ అట్రాసిటీ కింద పెట్టమనడం లేదు. కులం లేని చోట కులం రాస్తే రేపు నిజమైన కేసు నవ్వులపాలవుతుంది. గోడ జరిపి జాగా కలుపుకున్నాడా? 6 నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వెయ్యండి. అక్కడ పట్టా ఎవరిదని చూడరు, కబ్జాలో ఎవరున్నారని చూస్తారు. బస్తీవాళ్లకు ఇంతకన్నా అక్కరకొచ్చే సెక్షన్ లేదు. వకీలు ఫీజుకు భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి. సాక్షులకు దారి ఖర్చులు, కూలి నష్టం అట్రాసిటీ నిబంధనల్లోనే ఉన్నాయి. తిట్టిన కేసుకు లక్ష రూపాయల పరిహారం: పావు ఎఫ్.ఐ.ఆర్. నాడు, సగం ఛార్జిషీటు నాడు, మిగిలిన పావు శిక్ష పడ్డాక. ‘డబ్బుల కోసం కేసు పెట్టిండ్రు’ అనేవాళ్లు ఉంటారు. మనకు పోయిన కూలి ఎవడు లెక్కగట్టిండు?

సంతకం పెట్టే ముందు రాసింది చదివి వినిపించమనండి. వినిపించకపోయినా, నకలు ఇవ్వకపోయినా 4వ సెక్షన్ కింద ఆ అధికారిదే నేరం, ఆరు నెలల నుంచి ఏడాది జైలు. ‘ఇరుగుపొరుగు గొడవ’ అని వినిపిస్తే వేలిముద్ర వెయ్యకండి. ఎస్సై మొండికేస్తే అదే ఫిర్యాదు పై అధికారికి పోస్టులో పంపి, రసీదు రేషన్ కార్డుతో పాటు దాచుకోండి.