తాళంచెవి ఎవరి కొంగున?

మొన్న మా వీధిలోకి కొత్త కారు వచ్చింది. తెల్లటి కారు. పెండ్లికూతురిలా బంతిపూల దండ వేసుకుని మరీ వచ్చింది. షోరూము నుంచి ఇంటికైనా తీసుకురాకుండా నేరుగా కొండగట్టు అంజన్న దగ్గరికి పోయి పూజ చేయించుకుని వచ్చారు. కరీంనగర్, జగిత్యాల వైపు ఏ బండి కొన్నా అంజన్నకు చూపించందే మనసు ఒప్పదు కదా! టైర్ల కింద నిమ్మకాయలు, ముందు పసుపు కుంకుమలు, ఓ కొబ్బరికాయ. వీధి వీధంతా చూడ్డానికి వెళ్ళాం. ఆయన తలుపులు తీసి, ఏసీ వేసి, పాట పెట్టి, డిక్కీ తెరిచి, కన్నకొడుకును చూపించినంత మురిపెంగా చూపించాడు. ఆవిడ అందరికీ పేడాలు పంచింది.

నా నోరు ఊరుకోదు కదా. "నువ్వెప్పుడు నేర్చుకుంటవు చెల్లె?" అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "నాకెందుకక్కా? ముందు సీటు నాదే గద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చి పప్పు కుక్కరులో పెట్టేటప్పుడు కూడా ఆ మాట చెవిలో గుయ్‌మంటూనే ఉంది. ముందు సీటు! ముందు కూర్చున్నంత మాత్రాన ముందుకు పోయినట్టేనా? ఆ సీటు ముందర స్టీరింగు లేదు, గేరు లేదు, కాళ్ళ కింద బ్రేకు లేదు. ఉన్నదల్లా ఒక అర. అందులో మందుబిళ్ళలు, సోంపు పొట్లం, ఆయనగారి కళ్ళజోడు. అడిగినప్పుడు తీసి అందించాలి. అంటే వంటింట్లో చేసే పనే, చక్రాల మీద!

కార్ల గురించి పత్రికల్లో రాసే పెద్దమనుషుల రాతలు నేనూ చదువుతుంటాను. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, ఎన్ని సెకన్లలో నూరు వేగం అందుకుంటుంది, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి - అన్నీ రాస్తారు. "ఈ బండి తాళంచెవి ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది?" అని ఒక్కరైనా రాయగా నేను చూడలేదు. ఆ ఒక్క ముక్క వాళ్ళు వదిలేశారు కాబట్టి నేను రాస్తున్నాను.

నా సంగతే చెబుతాను. మా ఇంటికి కారు రాకముందు నేను జగిత్యాలలోని పుట్టింటికి నెలకు రెండుసార్లు పోయేదాన్ని. కరీంనగర్ బస్టాండులో బస్సెక్కితే గంటన్నరలో అమ్మ ముందు ఉండేదాన్ని. ఎవరినీ అడిగింది లేదు. "అమ్మ దగ్గరికి పోతున్న, అన్నం వండి పెట్టిన" అంటే చాలు, అదే సెలవు చీటీ. కారు వచ్చింది. కారుకు కట్టిన మొదటి డబ్బులో నా చిట్టీ డబ్బు కూడా ఉంది. అంతే, నా ప్రయాణాలు సగానికి సగం పడిపోయాయి!

ఎలాగంటారా? "ఇంట్ల కారు పెట్టుకొని బస్సుల పోతవా? చూసినోళ్ళు ఏమనుకుంటరు? ఆదివారం నేనే తీస్కపోత" అనేవారు మావారు. ప్రేమగానే అనేవారు, అబద్ధమెందుకు! తీరా ఒక ఆదివారం ఆయన స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశం. మరో ఆదివారం వాన. ఇంకో ఆదివారం క్రికెట్టు. కారు మాత్రం వాకిట్లో కొత్తల్లుడిలా ముసుగు తన్ని పడుకునేది.

ఒక బుధవారం పొద్దున పదకొండింటికి ఫోను వచ్చింది. అమ్మ బావి దగ్గర జారిపడిందని. మావారికి ఫోను చేశాను. "బస్సుల పోకు, నేనొస్తున్న, కారుల పోదం" అన్నారు. ఆఫీసులో పని తెమిలి ఆయన వచ్చేసరికి మూడు దాటింది. ఆ నాలుగు గంటలూ నేను చీర మార్చుకుని, సంచీ సర్దుకుని, వాకిట్లో కారు పక్కన నిలబడి ఉన్నాను. కారు ఉంది, పెట్రోలు ఉంది, రోడ్డు ఉంది, వెళ్ళవలసిన మనిషినీ నేను ఉన్నాను. తాళంచెవి కూడా గోడకు మేకుకు వేలాడుతూనే ఉంది. నాకు నడపడం రాదు, అంతే. మేం చేరేసరికి అమ్మకు చేతికి పిండికట్టు కట్టించి పక్కింటివాళ్ళు ఇంటికి తెచ్చేశారు. నన్ను చూసి అమ్మ ఒక్కటే మాట అడిగింది: "కారుంది గద బిడ్డా, ఇంతసేపెందుకైంది?"

దానికి జవాబు నాకు ఈనాటికీ దొరకలేదు. తప్పు మావారిది కాదు. ఆరేళ్ళు ఆ కారులో కూర్చుని ఒక్కనాడైనా "నాకు నేర్పండి" అనని నాది.

మన అవ్వల కాలంలో ఇంటి తాళాలన్నీ ఇల్లాలి కొంగునే ఉండేవి. బియ్యం గాబున్న గది తాళం, పెట్టె తాళం, బీరువా తాళం. ఆ గుత్తి గలగలమంటే కోడళ్ళు సర్దుకుని కూర్చునేవాళ్ళు. బంగారం దాచే బీరువాకు మన మీద నమ్మకం ఉంది. గ్యాసు పొయ్యికి, పసిపిల్లల ప్రాణాలకు మన మీద నమ్మకం ఉంది. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నమ్మకం ఏ గంగలో కలిసింది?

"ఆడవాళ్ళకు అది చేతగాదు" అంటారు కొందరు. వాళ్ళకు ఒక కథ చెప్పాలి. కారు అనే వస్తువును కనిపెట్టి 1886లో పేటెంటు పుచ్చుకున్నది జర్మనీలో కార్ల్ బెంజ్ గారు. ఆయన బండి బాగానే చేశాడు కానీ దూరం తీసుకుపోవడానికి జంకాడు. 1888 ఆగస్టులో ఒకనాడు తెల్లవారుజామున, ఆయనకు చెప్పాపెట్టకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని ఆయన భార్య బెర్తా ఆ బండి తీసింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు. దారిలో పెట్రోలు బంకులేవి? మందుల దుకాణంలో ఇంధనం కొనుక్కుంది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇంతకీ ఎక్కడికి పోయిందనుకున్నారు? పుట్టింటికి! వాళ్ళమ్మను చూడ్డానికి! ప్రపంచంలో కారులో చేసిన తొలి దూరప్రయాణం మొగుణ్ణి అడగకుండా అమ్మను చూడబోయిన ఆడకూతురిది. నేను జగిత్యాలకు పోలేకపోయాను చూడండి!

ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అని ఇంకొకావిడ ఉండేది. మోటారు పందేల్లో మగవాళ్ళతో పోటీ పడింది, పత్రికకు మోటారు శీర్షిక రాసింది. 1909లో ఆడవాళ్ళ కోసమే కారు మీద పుస్తకం వేసింది. అందులో ఒక సలహా - చిన్న చేతి అద్దం దగ్గర పెట్టుకోండమ్మా, వెనక ఏం వస్తోందో చూసుకోవచ్చు అని. వెనక చూసే అద్దాలు కార్లకు మామూలు కాకముందు మాట ఇది. ఇవాళ ప్రతి కారులోనూ ఆ అద్దం ఉంది. మనం దాంట్లో బొట్టు సరిచేసుకుంటున్నాం.

ఇక "రోడ్డు మీద భయం" అనే మాట. ఒప్పుకుంటాను, భయమే. రాజీవ్ రహదారి మీద గ్రానైటు లారీలు కొండలు కదిలొచ్చినట్టు వస్తాయి. ఆదిలాబాదు దారిలో నిర్మల్ దాటాక మహబూబ్ ఘాటు మలుపులు చూస్తే ప్రాణం అరచేతిలోకి వస్తుంది. కానీ ఆ లారీలు ఆయన కారును చూసి దండం పెట్టి, నా కారును చూసి మీదికి వస్తాయా? భయం ఉన్నవాళ్ళే మలుపులో నెమ్మదిగా పోతారు. ఆ లెక్కన స్టీరింగు మనకే ఇవ్వాలి.

సౌదీ అరేబియాలో 2018 జూన్ 24 దాకా ఆడవాళ్ళకు కారు నడిపే హక్కే లేదు. ఆ నిషేధం పుణ్యమా అని మన జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల పిల్లలు ఎందరో అక్కడి ఇళ్ళల్లో డ్రైవర్లుగా బతికారు. నిర్మల్ దగ్గరి మా చిన్నమ్మ కూతురి భర్త వాళ్ళలో ఒకడు. చట్టం మారాక ఆ ఇంటి యజమానురాలు లైసెన్సు తీసుకుని తనే నడుపుకోవడం మొదలుపెట్టిందట. ఆ ముచ్చట మా మరిదే సెలవులకు వచ్చి గొప్పగా చెప్పాడు. ఆ సెలవుల్లోనే పాత కారు ఒకటి కొన్నాడు. తిరిగి పోయేటప్పుడు దాని చాబీ ఎవరికిచ్చిపోయాడో తెలుసా? వాళ్ళన్నకు! ఇంట్లో పెండ్లాం పొలం చూసుకుంటుంది, బ్యాంకు చూసుకుంటుంది, అత్తమ్మను దవాఖానకు బస్సులో తీసుకుపోతుంది. ఆ కారు ముసుగు మీది దుమ్ము కూడా ఆమే దులుపుతుంది. సౌదీలో చట్టం అడ్డం ఉండేది, ఒక సంతకంతో పోయింది. మన ఇండ్లల్లో అడ్డం ఉన్నదానికి కాగితమే లేదు, ఎవరు కొట్టేస్తారు?

అందరికీ కార్లు ఎక్కడివమ్మా అంటారేమో. ఆ మాటకే వస్తున్నాను. 2023 డిసెంబరు 9న మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం మొదలైంది. అప్పటి నుంచి కారున్న ఇండ్లల్లో ఒకటే సణుగుడు: "ఫ్రీ అని ఊరికే తిరుగుతున్నరు." అనేది మగవాళ్ళే కాదు, ముందు సీటులో కూర్చున్న మనం కూడా! ఊరికే తిరగడం ఎప్పటి నుంచి పాపమైంది? పెట్రోలు పోసుకుని ఆయన తిరిగితే పని, ఆధారు కార్డు చూపించి ఆమె తిరిగితే తిరుగుడా? ఆమె అమ్మను చూడబోతోంది. నేను వాకిట్లో నిలబడిన ఆ బుధవారం ఆమె అయితే పన్నెండున్నరకే జగిత్యాలలో ఉండేది.

కారెక్కాక మనం బస్సును మరిచిపోయాం. అదే అసలు నేరం. మొదట చెప్పిన కొండగట్టు గుట్ట మీదనే, 2018 సెప్టెంబరు 11న, ఘాటు రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. సీట్లకు మించి కిక్కిరిసిన బస్సు అది. మన కార్ల టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించుకోవడానికి మనం అదే గుట్టకు పోతాం. ఆ బస్సులకు ఎవరు దిష్టి తీస్తారు? అడగగలిగిన నోళ్ళన్నీ కార్లలో అద్దాలెత్తుకుని కూర్చుంటే, "ఇంకో బస్సు వెయ్యండి, పాత బస్సు మార్చండి" అని అడిగేదెవరు?

నేను కార్లకు శత్రువును కాను. చిన్నప్పుడు పెండ్లిళ్ళకు కిరాయికి తెచ్చే అంబాసిడర్‌లో పదిమందిమి ఇరుక్కుని పోయిన మురిపెం ఇంకా మరువలేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికలతో పుట్టి, 2014లో తయారీ ఆగిపోయిన ఆ ముసలి బండి అంటే నాకిప్పటికీ ప్రాణం. నా తగాదా కారుతో కాదు. స్టీరింగూ మన చేతిలో లేక, బస్సు టికెట్టూ మన చేతిలో లేక, రెంటికీ చెడ్డ రేవళ్ళలా వాకిట్లో నిలబడ్డామే, ఆ నిలబడడంతో.

అమ్మ చేతి కట్టు విప్పకముందే నేను ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను. అదేం బ్రహ్మవిద్య కాదు. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, నలభై దాటితే వద్దనే చట్టం లేదు. నెల రోజులు ఆగి పరీక్షకు పోవచ్చు. మొదటిసారి తప్పాను. రెండోసారి నెగ్గాను. మా గేటుకు ఒక గీత పడింది, దాన్ని చూసినప్పుడల్లా మావారు నిట్టూరుస్తారు. పడనివ్వండి. ఇప్పుడు అమ్మ దగ్గరికి ఒక్కోసారి కారులో పోతాను, ఒక్కోసారి కావాలనే బస్సులో పోతాను. ఏది ఎక్కాలన్నది నేనే అనుకుంటాను.

మీ ఇంట్లో కారుందా? అయితే ఈ ఆదివారం తాళంచెవి మీ కొంగున ముడేసుకోండి. నేర్పించే మనిషిని మాట్లాడుకోండి. లైసెన్సు చేతికి వచ్చిన రోజున మీవారిని సాదరంగా ముందు సీటులో కూర్చోబెట్టండి. సోంపు పొట్లం ఆయన చేతికే ఇవ్వండి. ముందు సీటు ఎంత గొప్పదో పాపం ఆయనకూ తెలియాలి కదా!