డీజే కాసేపు ఆపి, అవ్వను పాడమనండి

విడీ ఘర్కుల్, సోలాపూర్

మన ఘర్కుల్ పిల్లలకు, పుణెలో, హైదరాబాదులో కొలువులు చేస్తున్న మనవలకు, మనవరాళ్లకు,

జంధ్యాల పున్నం గడిచింది. మార్కండేయ రథం వెంట మీరు చాలామంది నడిచారు, చూసి కడుపు నిండింది. ఇంక పెత్రమాస వస్తుంది, ఎంగిలిపూల బతుకమ్మ. ఈ రెంటి నడుమ మీతో ఒక ముచ్చట చెప్పుకోవాలనిపించింది. పాట ముచ్చట.

నేను సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికినవాణ్ణి. సాంచాల షెడ్డులో పాట ఉండదు. అన్నీ ఒక్కసారి కొడుతుంటే పక్కనున్న మనిషికైనా చెవిలో అరిచి చెప్పాలి, లేదంటే చేసైగ. రేడియో పెట్టినా ఎవరికీ వినపడదు. పగలంతా అందులో నిలబడి ఇంటికొచ్చిన మగాడికి పాట కన్నా నిశ్శబ్దమే ముద్దు. అందుకే మన ఇళ్లల్లో తెలుగు పాట ఆడవాళ్ల దగ్గరే మిగిలింది, అదీ బీడీ పుణ్యమా అని. ఒళ్లో చేట, చేతిలో కత్తెర, తడిపిన తునికాకు, తంబాకు, దారం. చేతులకూ కళ్లకూ పని, నోరు మాత్రం ఖాళీ. వెయ్యి బీడీలు అయ్యేదాకా నిద్ర ఆపుకోవాలి, నడుంనొప్పి మరవాలి. అందుకు పాడేవారు.

దీన్ని అందమైన జ్ఞాపకంగా చెప్పడం నాకిష్టం లేదు. తంబాకు దుమ్ముకు దగ్గు, వంగి కూర్చుని కూర్చుని మెడ పట్టేయడం, బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు కూలి రాకపోవడం, ఇవన్నీ ఆ పాటల వెనకాల ఉన్నవే. ఆ కష్టం మీకొద్దనే మీ అమ్మలు మిమ్మల్ని చదివించారు. మనం ఉంటున్న ఈ ఇళ్లు కూడా ఆ చేతులు తెచ్చినవే. తరవాత కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరు మీద పదివేల ఇళ్లు లేచాయి. మన కార్మిక నాయకుడు ఆడం మాస్తర్ ముందుండి నడిపిన పోరాటం అది. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇళ్లను బీడీ కార్మిక మహిళలకు అప్పగించారు. ఇళ్లు సంపాదించిన ఆడవాళ్లను అందరూ మెచ్చుకుంటారు. పాటను తరతరాలు మోసింది కూడా వాళ్లే కదా, ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

ఒకప్పుడు ఒడిబియ్యం పోస్తే పాట, పసుపు దంచితే పాట, ఇరవయ్యొకటో దినం బిడ్డను తొట్టెలో వేస్తే పాట. ఇప్పుడు హల్దీ నాడు తెల్లారకముందే వాకిట్లోకి స్పీకర్ల పెట్టెలు దిగుతాయి. డీజే మీద నాకు పగ లేదు. హల్గీ డప్పు మోగితే ఈ వయసులోనూ కాలు ఆగదు నాకు. నా పేచీ ఒక్కటే. పెట్టె మోగుతున్నంతసేపు పాడేవాళ్లెవరూ ఉండరు, అందరం వినేవాళ్లమే. షెడ్డులో సాంచాలు మగవాళ్లకు చేసిందే ఇప్పుడు వాకిట్లో పెట్టె ఆడవాళ్లకు చేస్తోంది. పెళ్లికూతురి నానమ్మ నోరు మూసుకుని మూల కుర్చీలో కూర్చుంటుంది.

నాకు బాగా నచ్చిన ప్రయాణాలేవంటే, అందరూ పాడుతూ వెళ్లేవే. ఆషాఢంలో షేగావ్ నుంచి గజానన్ మహారాజ్ పాల్కీ తుల్జాపూర్ మీదుగా మన సోలాపూర్‌లోకి వచ్చి పండరిపురం పోతుంది. ఆ భక్తుల దిండీతో కొంతదూరం నడిచి చూడండి. అక్కడ వినేవాడంటూ ఉండడు. గొంతు బాగున్నా బాగోకపోయినా నడిచే ప్రతివాడూ పాడాల్సిందే. శ్రుతి తప్పినందుకు ఎవరూ నవ్వరు.

పాటకు భాష అడ్డనుకునేవాళ్లు శ్రీశైలం కూడా పోయి రండి, మన ఊరి కథ తెలుసుకుని మరీ పోండి. పన్నెండో శతాబ్దంలో పశువులు కాసుకునే మన సిద్ధరాముడు మల్లయ్య దేవుణ్ణి వెతుక్కుంటూ పోయింది అక్కడికే. సంక్రాంతికి నందిధ్వజాలు లేచినప్పుడు, సమ్మతి కట్ట దగ్గర అక్షతలు వేసే పెళ్లి ఆ సిద్ధరాముడిదే. మరాఠీ ఊళ్లో కన్నడ వచనం చదువుతారు, తెలుగువాళ్లం అక్షతలు చల్లుతాం. మన ఇంటి పెళ్లిలో భాషలు కలిశాయని చిన్నతనపడేవాళ్లు ఒకసారి ఆ జనంలో నిలబడి చూడాలి.

ఇంకొక దారి హైదరాబాద్ రైలు. కడక్ భాకరీ, శేంగా చట్నీ కట్టుకుని ఎక్కుతాం. గుల్బర్గా, వాడి దాటి తాండూరు వచ్చేసరికి చుట్టూ తెలుగే. అటునుంచి సిరిసిల్ల పోతే అక్కడా మన పద్మశాలీలే, అవే సాంచాలు, అవే బీడీలు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు నేసింది ఆ ఊళ్లోనే. ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే నేను చెవి పెట్టి విన్నాను. మా ఇంట్లో పాడే ఒక పాట అక్కడా ఉంది. వాళ్ల పాటలో లేని తుల్జాపూర్ భవాని మన పాటలోకి వచ్చి కూర్చుంది. వాళ్లు పాడిన చరణాలు కొన్ని మన దగ్గర లేవు. దారిలో ఎక్కడో జారిపోయి ఉంటాయి. ఎవరో ఒకరు అడిగి నేర్చుకుంటే తిరిగొస్తాయి. మా తరం అడగలేదు.

"మా తెలుగు బాగుండదు తాతా" అంటూ తప్పించుకుంటారు మీరు. పాటకు మీ తెలుగు సరిపోతుంది. మరాఠీ మాట దొర్లితే దొర్లనివ్వండి, దాన్ని దిద్దబోయి పాట ఆపకండి.

ఈసారి సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు పంచేదాకా డీజే పెట్టెలు తెరవకండి. రేపు మీ పెళ్లిళ్లలోనూ ఒక అరగంట డీజేను ఆపి, అవ్వలను నడుమ కూర్చోబెట్టండి. మొదట సిగ్గుపడతారు, ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. మీరు రికార్డు చేయండి, కానీ ఊరికే ఫోన్ పట్టుకు నిలబడకండి, వంత కలపండి. ఆ పాట ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అడిగి రాసుకోండి. తొంభై దాటినవాళ్లు మన గల్లీల్లో ఇంకా ఉన్నారు, వచ్చే ఏటిదాకా ఆగకండి.

పెత్రమాసకు సెలవు పెట్టుకుని రండి. ఫోన్‌లో జాగా ఖాళీ చేసుకుని రండి.

మీ గల్లీ తాత