కణము సంచి కాదు

జీవకణమనగానే మన విద్యార్థుల మనస్సున మెదలు చిత్రము ఒక్కటే: నీటితో నింపిన ఒక సంచి, నడుమ కేంద్రకము, చుట్టును తేలియాడు కొన్ని ముద్దలు. ఈ బొమ్మను గీసి పేర్లు వ్రాసిన వారికి మార్కులు వచ్చుచున్నవి. కాని ఈ బొమ్మను నమ్మిన వానికి వైరస్ వలన రోగమెట్లు కలుగునో ఎన్నటికిని బోధపడదని మా అభిప్రాయము.

ఇంటికి దూలములు, వాసములు ఉన్నట్లే కణమునకును లోపల ఒక చట్రము గలదు. దీనినే కణాస్థిపంజరమందురు. మన ఉర్దూ మిత్రులు కణమును ఖలియా అనియు, చట్రమును ఢాంచా అనియు అందురు. ఆ ఢాంచా అన్న మాట ఇచ్చట ఎంతయో చక్కగా అమరినది. ఇందలి సూక్ష్మనాళికల మందము సుమారు 25 నానోమీటర్లు, మధ్యస్థ తంతువులది 10, ఆక్టిన్ తంతువులది 7. ఇంటి దూలములు కదలవు. ఈ చట్రము మాత్రము నిరంతరము విడిపోవుచు, మరల అల్లుకొనుచుండును. డైనీన్, కైనెసిన్ అను ప్రోటీనులు బరువు మోయు కూలీలవలె సూక్ష్మనాళికలమీద నడచుచుండును.

ఇది మనకేల యని కొందరు అడుగవచ్చును. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతమున (పూర్వపు కృష్ణా జిల్లా, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా) గొర్రెల మందలను నమ్ముకొని బ్రతుకు కుటుంబములు ఉన్నవి. ఆ ఇండ్ల పిల్లలు మన తరగతులలో కూర్చుండుచున్నారు. వానలు పడి నేల చిత్తడియైన దినములలో మందలను పీడించు నీలి నాలుక వ్యాధిని వారు ఎరుగుదురు. గొర్రెకు తీవ్రమైన జ్వరము వచ్చును, మూతి వాచును, నోరు పుండగును, కాళ్లు కుంటుపడును. దోమకన్న చిన్నదైన క్యూలికాయిడిస్ అను కుట్టు ఈగ ఈ వైరస్‌ను ఒక జీవమునుండి మరియొక జీవమునకు చేర్చును. వైరస్ రక్తనాళముల లోపలి పొర కణములను చెరచుటచే నీరు ఊరి వాపు కలుగును.

కణములో పుట్టిన క్రొత్త వైరస్ రేణువులు ఊరక తేలుచుండవు. అవి విమెంటిన్ అను మధ్యస్థ తంతువులను అంటిపెట్టుకొని యుండుటను శాస్త్రజ్ఞులు 1987లోనే గుర్తించిరి. ఆ అంటును కలిగించునది వైరస్ పైపొరలోని వి.పి.2 అను ప్రోటీనని 2007లో ప్రకటితమైన పరిశోధన తెల్పినది. మందులచే ఆ తంతువులను చెదరగొట్టగా వైరస్ వెలికి వచ్చుట మందగించినది. అనగా మన చట్రమే శత్రువునకు నిచ్చెన యగుచున్నది! టీకా వలన పుట్టు ప్రతిరక్షకములు ముఖ్యముగా పట్టుకొనునదియు ఈ వి.పి.2నే. ఇది రకమునకొక తీరుగ నుండుట చేతనే ఒక రకమునకు వేసిన టీకా మరియొక రకమునుండి గొర్రెను కాపాడజాలకున్నది. మన దేశమున ఐదు రకములను కలిపిన టీకాను తయారుచేయుటకు కారణమిదే. టీకా వేయించియు గొర్రెను పోగొట్టుకొన్న కాపరికి ఈ సంగతి చెప్పవలసినవాడు ఇంటనున్న బై.పి.సి. విద్యార్థియే గదా.

పిచ్చికుక్క కాటు మరియొక నిదర్శనము. కాలికి తగిలిన గాయమునుండి రేబిస్ వైరస్ నరముల లోపలి సూక్ష్మనాళికల వెంట మెదడునకు ప్రయాణించును. సూక్ష్మనాళికలను విడగొట్టు కొల్చిసిన్‌ను ఎలుకల నరమునకు తగిలించిన ప్రయోగములలో ఈ ప్రయాణము అడ్డగింపబడెను. కొల్చిసిన్ మన పొదలలో పూయు అగ్నిశిఖ దుంపలోను గలదు. అది విషము, ఎవరును దానితో వైద్యము చేయబూనరాదు. కుక్క కరచిన వెంటనే గాయమును సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, టీకాకై ఆసుపత్రికి పరుగెత్తవలెను. వైరస్ నరము నెక్కిన పిమ్మట చేయగలిగినది స్వల్పము.

ఇట్టి సూక్ష్మ విషయములు విశ్వవిద్యాలయమునకు చెందినవి, ఇంటర్మీడియట్ విద్యార్థులకు భారమగునని పెద్దలు కొందరు అనుచున్నారు. మేము అంగీకరింపము. భారమగునది విషయము కాదు, అర్థము కాని పేర్ల జాబితా. ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిని కొనుడని మేము కమిటీవారిని కోరుటలేదు. తెలుగు, ఉర్దూ భాషలలో కణాస్థిపంజరమును చూపు గోడపటము నొకదానిని వ్రాయింపవలెను. అందలి పదములను ఉభయ భాషల అధ్యాపకులు కలిసి నిర్ణయింపవలెను. ఏడాదికొకసారి పశువైద్యాధికారి నొకరిని పిలిపించి నీలి నాలుకను గూర్చి మాటలాడింపవలెను.

మరియొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. చెరువులో పెరుగు హైడ్రిల్లా ఆకు నొకదానిని ప్రయోగశాలలోని మామూలు సూక్ష్మదర్శిని క్రింద నుంచిన చాలును. ఆకుపచ్చని రేణువులు కణపు గోడల వెంట వరుసగా ప్రదక్షిణము చేయుట కన్నులార కానవచ్చును. ఆక్టిన్ తంతువుల మీద మయోసిన్ లాగుచున్న బండ్లవి. రాబోవు కమిటీ సమావేశము నాడు ఆ పలకను సిద్ధముగ నుంచెదము. సభ్యులు లోనికి వచ్చునపుడు ఒక్క నిమిషము కన్ను ఆనింపవలసినదిగా ప్రార్థన.